సవుకు తోపులో తూర్పు రాయి

పదవీ విరమణకు ఏడాదిన్నర ముందు, ఒక మార్చి నెలలో, మా సముద్రతీర మండలానికి ఇన్‌ఛార్జి సర్వేయరుగా నన్ను వేశారు. సొంత మండలానికి మామూలుగా ఎవరినీ వేయరు. అక్కడి సర్వేయరు దీర్ఘకాలిక సెలవులో ఉండడం వల్ల పక్క మండలంలో ఉన్న నాకు ఆ బాధ్యత అదనంగా వచ్చింది. వద్దని రాసి ఇవ్వవలసింది. ఇవ్వలేదు. మా ఇంటిపేరు వింటే మనుషులు ఇప్పటికీ లేచి నిలబడే ఊళ్ళలో అధికారిగా తిరగాలని నాకు ఉండేది.

మొదటి వారంలోనే ఒక ఎఫ్-లైన్ పిటిషన్ వచ్చింది. భూమి హద్దులు కొలిచి చూపించమని రైతు పెట్టుకునే దరఖాస్తును మా శాఖలో అలా అంటారు. దరఖాస్తుదారు సుభద్రమ్మ గారు ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయిన మనిషి. సొంత ఊరు మనుబోలు. జువ్వలదిన్నెకు ఉత్తరాన ఉన్న ఒక పల్లె దగ్గర మా వైపు సవుకు అనే సరుగుడు చెట్ల తోపు రెండెకరాలు కొన్నారు. తూర్పు చివర ఇసుక తిన్నె ఉంది. దాని మీద రెండు పాత జీడిమామిడి చెట్లున్నాయి. వాటి నీడలో, సముద్రం కనబడేలా ఇల్లు కట్టుకోవాలని ఆమె కోరిక. గదులు, వసారా, బావి గళ్ళ కాగితం మీద తానే గీసుకుని తెచ్చారు.

సర్వే నంబరు చూడగానే గుర్తుపట్టాను. అది ఒకప్పుడు మా తాతగారి భూమి. మా నాన్నగారి కాలంలో చేజారి, ఇద్దరి చేతులు మారి ఆమెకు వచ్చింది. ఆ తిన్నె మీద రాతి నెత్తిన బాణం గుర్తు చెక్కిన నల్లరాయి ఒకటి ఉంటుంది. చిన్నప్పుడు తాతగారు నన్ను దాని మీద కూర్చోబెట్టి, దొరల కాలం సర్వే రాయి ఇదనీ, మన వంశం హద్దు తప్పలేదనీ చెప్పేవారు. ఆస్తి పోయాక మా ఇంట్లో మిగిలింది ఆ మాట ఒక్కటే. నేను సర్వే శాఖలో చేరడానికీ అదే కారణం.

కొలత రోజున, కొలత గొలుసు లాగే చైన్‌మన్ మస్తాన్‌తో వెళ్ళాను. నియమం ఏమిటంటే, ఏ ఒక్క రాయినీ నమ్మకూడదు. మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసే చోట ఉండే ట్రైజంక్షన్ రాయి నుంచి మొదలుపెట్టి, ఎఫ్.ఎం.బి. అనే కొలతల పుస్తకంలో రాసిన దూరాలతో కనీసం మూడు రాళ్ళు సరిచూడాలి. పడమటి రాళ్ళు సవుకు మొక్కల మధ్య ఇసుకలో పూడుకుపోయి ఉన్నాయి. ట్రైజంక్షన్ రాయి మైలు దూరంలో కాలువ గట్టున ఉంది. నేను రెండింటి జోలికీ పోలేదు. తాతగారి రాయి కళ్ళ ముందు నిటారుగా ఉంది. దాని నుంచే తూర్పు హద్దు తీసి, సుభద్రమ్మ గారి కాగితం ప్రకారం ఇంటి నాలుగు మూలలకూ సున్నం వేయించాను. జీడిమామిడి చెట్లు రెండూ ఆమె వసారా ముందుకు వచ్చాయి. ఆమె ఆ సున్నం గీతల మధ్య నిలబడి, వంటగది ఎక్కడ వస్తుందో అడుగులు వేసి చూసుకున్నారు.

హద్దుదారులకు నోటీసు ఇవ్వాలి కాబట్టి తూర్పున ఉన్న, చేపలు పట్టే పట్టపువాళ్ళ పల్లె పెద్ద పోలయ్య కూడా వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. తిన్నె మీది కంచె అవతల నిలబడి అంతా చూసి నవ్వాడు.

"మీ తాత రాయి కాడ నుంచి కొలిస్తే మీ తాత చెప్పినట్టే వస్తాది గదయ్యా. దానికి గొలుసెందుకు?"

మస్తాన్ తల వంచుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. రేపు ట్రైజంక్షన్ నుంచి కొలుస్తాననీ, పల్లెవాళ్ళందరినీ తీసుకురమ్మనీ అన్నాను. అతని నోరు మూయించడం తప్ప నాకు వేరే ఉద్దేశం లేదు.

మర్నాడు పొద్దున కాలువ గట్టున రాయి దొరికింది. అక్కడి నుంచి గొలుసు లాగుతూ వచ్చాం. పల్లెవాళ్ళూ, సుభద్రమ్మ గారూ వెంట ఉన్నారు. పడమటి రాళ్ళు రెండూ పుస్తకంలో చెప్పిన చోటనే, మూరెడు ఇసుక కింద ఉన్నాయి. గొలుసులో ఒక్క లింకు కూడా తేడా లేదు. అక్కడి నుంచి తూర్పు మూలకు కొలిస్తే గొలుసు తిన్నె ఎక్కకుండానే, తోపులోనే ఆగింది. నల్లరాయి ఇంకా అరవై లింకుల అవతల ఉంది. అంటే దాదాపు నలభై అడుగులు. మస్తాన్ లెక్క తప్పాడని కసిరి మళ్ళీ లాగించాను. రెండోసారీ అక్కడే ఆగింది.

ఆ చోట తవ్వించాను. అడుగున్నర లోతులో గడ్డపార ఖంగుమంది. చుట్టూ ఇసుక తీస్తే నల్లరాయి కింది సగం, పైన విరిగి, నిలువుగా పాతుకుని ఉంది. తిన్నె మీది రాయిని పెకలించి తెప్పించాను. నలుగురు మోసుకొచ్చి విరుగు మీద విరుగు పెట్టారు. తలుపు గడియ పడినట్టు కూర్చుంది. వెంట్రుక దూరేంత సందు లేదు.

ముప్పై ఏళ్ళ సర్వీసులో జరిపిన రాళ్ళు ఎన్నో చూశాను, జరిపిన వాళ్ళ మీద రిపోర్టులు రాశాను.

"ఎవరు?" అని పోలయ్యను అడిగాను.

పోలయ్య ఇప్పుడు నవ్వలేదు. "మీ తాతే జరిపించినాడు. తిన్నె మేం వలలారేసుకునే చోటు, పోరంబోకు. పెరికేటప్పుడు రాయి యిరిగిందంట. మోసినోళ్ళు నలుగురు. అందులో ఒకడు మా నాయన."

"మరి ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పేది సామీ? మా భుజాల మీద పోయిన రాయి. చెప్తే మా నాయన పేరూ వస్తాది గదా. ఆయన పోయేదాకా ఆ తిన్నె పక్కకి పోలేదు. అదో, అంత దూరం చుట్టు తిరిగి రేవుకి పోయేవాడు."

ఈ సంగతి సుభద్రమ్మ గారికి చెప్పమని నేను మస్తాన్ వైపు తిరగబోతుంటే ఆమే ఆపారు.

"ఆయనతో కాదు సార్, నాతో చెప్పండి. వార్డులో మనిషి పోతే బయట కూర్చున్నోళ్ళకి నేనే పోయి చెప్పేదాన్ని. ఆయాని పంపించలేదు ఏనాడూ."

ఆమె ఎదుట నిలబడి చెప్పాను. తిన్నె మీకు చెందదు. రెండెకరాలూ కాగితంలో ఉన్నట్టే ఉన్నాయి, కానీ అవి తోపులోనే ముగుస్తాయి. నిన్న నేను వేయించిన సున్నం తప్పు. ఆ రాయి మా తాతగారు జరిపించినది.

ఆమె గళ్ళ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకున్నారు. "నిన్ననే ఇది కొలిచుంటే నేను రాత్రంతా మనసులో ఆ వసారాలో కూర్చునుండేదాన్ని కాదు గదా," అన్నారు. సంచి భుజానికి తగిలించుకుని, "సరే, ఇల్లు ఎక్కడ పెట్టుకోమంటారో చూపించండి," అన్నారు.

సాయంత్రం దాకా నేల ఎత్తుపల్లాలు చూసే లెవెల్స్ తీశాను. వానకాలంలో నీళ్ళు నిలవని చోటు పడమటి వైపు ఒక్కటే ఉంది. తుపాను గాలికి అడ్డంగా తూర్పున పది వరుసల సవుకు కొట్టకుండా ఉంచమనీ, పునాది మూడడుగులు లేపమనీ చెప్పాను. ఆమె అలాగే కట్టుకున్నారు. ఆ ఇంటి వసారాలో నుంచి సముద్రం కనబడదు. తిన్నె మీది కంచె తీసేశారు. ఇప్పుడక్కడ పల్లెవాళ్ళ వలలు ఆరుతున్నాయి.

రిపోర్టు నేనే రాశాను. రాయి స్థానభ్రంశమైనదని రాసి ఊరుకోవచ్చు. శాఖలో ఎవరూ అంతకు మించి అడగరు. జరిపించిన వారి పేరు ఇంటిపేరుతో సహా రాశాను. మోసిన వాళ్ళ పేర్లు రాయలేదు. మొదటి రోజు కొలత నియమాల ప్రకారం జరగలేదని రాశాను. సర్వేయరుకు ఆ భూమితో గల సంబంధం అని ఒక పంక్తి చేర్చి, దాని ఎదుట "మనవడు" అని రాసి సంతకం చేశాను. పై అధికారి ఆ పంక్తి అనవసరమన్నారు. తీసివేయడానికి నేను ఒప్పుకోలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. మీ వాళ్ళ భూమి మీరు కొలవకండి. కొలవవలసి వస్తే మీకు బాగా తెలిసిన రాయిని అన్నిటికన్నా చివర కొలవండి.