పరదేశి మామను ఆపిన రోజు

ఆ రోజుల్లో చట్టం చదివినవాళ్లకన్నా దాని పేరు విన్నవాళ్లకే ధైర్యం ఎక్కువగా ఉండేది. హైదరాబాద్ రాజ్యం యూనియన్‌లో కలిసిన కొత్త. కరీంనగర్ నుంచి పత్రికకు వార్తలు పంపుతూ, నావి రెండు అచ్చయ్యేసరికి నేను సగం వకీలునైపోయాననుకునేవాణ్ణి. అప్పుడే మా మేనమామ బిడ్డకు సరిహద్దు అవతల చందా అనే ఊళ్లో కొడుకు పుట్టాడు. తాత చేతుల మీదుగానే పసివాణ్ణి తొట్టెలలో వేసి పేరు పెట్టాలని వియ్యాలవారు కబురంపితే, మామ తాను నేసిన చీర చంకన పెట్టుకుని ధర్మపురి నుంచి బయల్దేరాడు. తోడు నేను. మంచిర్యాలలో రైలెక్కాం.

సరిహద్దు స్టేషన్‌లో తనిఖీ. అనుమతి లేని పరదేశీయులను ఆపి ఉంచే అధికారం అక్కడి అధికారికి ఉండేది. ఉత్తరాది మనిషి, తెలుగు రాదు. హిందీలో పేరడిగాడు. మామ చేతులు కట్టుకుని పరదేశి అన్నాడు. (మామ పేరు నిజంగా అదే. ఆయనకు ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే, వీడు మావాడు కాదు, ఎవడో పరదేశి అని మృత్యువును నమ్మించడానికి మా అమ్మమ్మ పెట్టుకున్న పేరు.) అది సరే, పేరేమిటని అధికారి మళ్లీ అడిగాడు. మామ ఇంకాస్త వినయంగా మళ్లీ అదే చెప్పాడు. రైలు దిగమన్నారు.

అప్పుడు నేను లేచాను. రాతపూర్వకమైన ఉత్తర్వు లేనిదే మనిషిని ఆపే హక్కు లేదని, నేను పత్రికవాణ్ణని ఉర్దూ, ఇంగ్లీషు కలిపి ప్రసంగించాను. ఫలితంగా నన్నూ దింపి మామ పక్కన బెంచీ మీద కూర్చోబెట్టారు. విచారించి, వచ్చిన దేశానికే తిప్పి పంపుతారట. ఆ మాట చెబితే మామ, "ధర్మపురికేనా? గందుకు గింత పరేషానెందుకు? రేపు నేనే పోత. ఇయ్యాల జర మనుమన్ని చూడనియ్యమను" అన్నాడు. ఇంజను నీళ్లు పట్టుకోవడం అయిపోవచ్చింది. మళ్లీ బండి మర్నాడే. మామ చీర మూటను ఒళ్లో అటూ ఇటూ మార్చుకుంటున్నాడు.

మాకు కాపలా ఉన్న ఆదిలాబాద్ జవాను అంతసేపూ మీసాల చాటున నవ్వుకుంటూనే ఉన్నాడు. గార్డు జెండా తీయడం చూసి, అధికారి ఎదుటికి వెళ్లి సలాం కొట్టాడు.

"సాబ్, మేరా నామ్ ఫకీర్. తన్ఖా లేతూఁ, భీక్ నై మాంగ్తా."

(జీతం తీసుకుంటాడు గాని అడుక్కోడు.) తన తల్లి కూడా పిల్లలు దక్కక, తనను ఒక ఫకీరుకు ఇచ్చినట్టే ఇచ్చి తిరిగి తెచ్చుకుందని, ఈ పెద్దాయనదీ అదే కథ అని వివరించాడు. అధికారి ఒకసారి అతన్ని, ఒకసారి మామను చూశాడు. నవ్వాపుకోలేక రైలు వైపు చెయ్యి ఊపాడు. కదులుతున్న పెట్టెలోకి మామను నేను తోశానో, నన్నే మామ లాగాడో ఇప్పటికీ తెలియదు.

సాయంత్రం తొట్టెల దగ్గర, ఏం పేరు పెడదామని అందరూ మామనే అడిగారు. ఆయన మనవడి గుప్పిట్లోంచి వేలు తీసుకోకుండానే, "ఏదన్న మంచి పేరు పెట్టుండ్రి. వీన్ని దాసిపెట్టే పనిలేదు" అన్నాడు. వియ్యాలవారికి వినిపించాలని రైల్లో పదును పెట్టుకున్న నా ప్రసంగం నోట్లోనే ఉండిపోయింది. ఆ కుర్ర వకీలును తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ పూట మాత్రం, ఏ తిప్పలూ లేకుండా బతికేసిన నా పేరు నాకే కాస్త చప్పగా అనిపించింది.