రంగయ్య బండికి కొత్త కంప్యూటర్

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సరుకు తోలే రంగయ్యను నూనె వస్తువులు తినొద్దన్నాడు డాక్టరు. అప్పటి నుంచి ఆయన పాత పికప్ బండి రోజూ శిరివెళ్ల దగ్గరే ఆగిపోసాగింది. "ఇంజన్ కంప్యూటర్ వేడెక్కితే అంతే, చల్లారేదాకా కదల్దు," అనేవాడు ఇంటికొచ్చి, మీసాలు తుడుచుకుంటూ. కంప్యూటర్ చెడిపోతున్న మాట నిజమే. ఆగే చోటు మాత్రం రంగయ్యే ఎంచుకునేవాడు. ఎండలో మొగుడి పాట్లు తలచుకుని లక్ష్మీకాంతమ్మ మెకానిక్ గఫూర్ దగ్గర కొత్త కంప్యూటర్ వేయించింది. "ఇంక యాడా ఆగదక్కా," అన్నాడు గఫూర్. రంగయ్య నవ్వబోయాడు గానీ, నవ్వు సగంలోనే ఆగింది.

మర్నాడు ఆమె కూడా బండెక్కింది. శిరివెళ్ల రాగానే రంగయ్య కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. బజ్జీలు వేసే వసీం కేక పెట్టాడు: "ఏందన్నా, ఈపొద్దు కంప్యూటర్ లేటుగా వేడెక్కినట్టుంది! నీ మిరపకాయ బజ్జీలు చల్లారిపోతాండాయి!"

లక్ష్మీకాంతమ్మ మొగుణ్ణి ఒక్క చూపు చూసి కిందికి దిగింది. "ఆ ప్లేటు నాకియ్యప్పా. ఈయప్పకేమీ వద్దు, కంప్యూటర్ బాగైంది."

రంగయ్య బానెట్ ఎత్తి, ఏ జబ్బూ లేని ఇంజన్‌లోకి తల దూర్చాడు.