ఆమె జుట్టు పెరుగుతుంటే

ఒమాన్‌లోని అల్ సువైక్‌లో నేను పనిచేసిన ఇంట్లో రోజు మొత్తానికి నాకు ఇష్టమైన పని ఒక్కటే. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక చిన్నపిల్లకు తల దువ్వడం. ఇల్లు ఊడవడం, బట్టలు ఉతకడం, గిన్నెలు తోమడం అంతా డ్యూటీ. ఇది మాత్రం ఎవరూ చెప్పకుండా నేను నెత్తిన వేసుకున్న పని.

ఆ పిల్లకు అప్పుడు ఎనిమిదేళ్ళు. వరసగా మగపిల్లలు పుట్టిన ఇంట్లో ఒక్కతే ఆడపిల్ల. వాళ్ళ నాయనమ్మ జాంజిబార్‌లో పుట్టి పెరిగి ఒమాన్‌కు వచ్చిన మనిషి. ఆవిడ జుట్టే మనవరాలికి వచ్చింది. ఉంగరాల జుట్టు అనడానికి కూడా లేదు, పెన్నులో స్ప్రింగు చుట్టుకున్నట్టు వెంట్రుక మీద వెంట్రుక బిగుసుకుని ఉండేది. ఇంటావిడను పనివాళ్ళం మామా అని పిలిచేవాళ్ళం. ఆవిడకు ఆ జుట్టంటే విసుగు. "కత్తిరించేద్దాం" అనేది. నేను వద్దని బతిమాలేదాన్ని. ఆడపిల్ల జుట్టు కత్తిరిస్తామంటే మా కడప వైపు ఆడవాళ్ళ గుండె ఆగిపోతుంది.

పైగా జుట్టు సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. మా ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. 'పొడుగు జడామె' అంటే నేనే. పెళ్ళిచూపుల్లో మా అత్త నా ముఖం కంటే ముందు నా వీపు చూసిందని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆ జడతోనే విమానం ఎక్కాను.

పిల్లకు కొబ్బరినూనె దట్టంగా పట్టించి, మా అమ్మ నాకు దువ్వినట్టే మాడు మీద దువ్వెన పెట్టి కిందికి లాగేదాన్ని. పిల్ల కెవ్వున ఏడ్చేది. ఏడ్చి ఏడ్చి నా ఒళ్ళోనే తల పెట్టుకునేది. కళ్ళు తుడిచి ఒక ఖర్జూరం నోట్లో పెట్టేదాన్ని. మళ్ళీ మర్నాడు ఏడవడానికి నా దగ్గరికే వచ్చేది. ఆ ఏడుపు కూడా నాకు ముద్దుగానే ఉండేది.

మామాకు మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాక వంటకు ఇంకొకామెను తెచ్చారు. ఉగాండా మనిషి, నా ఈడుదే. ఇద్దరికీ ఒకటే రూమ్. ఆమెకు తెలుగు, హిందీ రావు, నాకు ఆమె భాష రాదు. పనిలో నేర్చుకున్న అరబ్బీ ముక్కలతోనే మా మాటలు నడిచేవి. ఆమె మొదటిరోజు నుంచీ నన్ను సిస్టర్ అంది.

ఆ వారం అమ్మ ఫోన్ చేసింది.

"కొత్తామె ఎట్లుండాది మే?"

"మంచిగనే ఉండాది మా. ఎత్తుగా, గట్టిగా ఉండాది. పాపం, తలకాయలో జుట్టే లేదు. పిడికెడంటే పిడికెడు."

"అయ్యో! నీ జడ సూసి కుళ్ళుకుంటాదేమో. దిష్టి తీసుకో పాప."

అట్లాగే అన్నాను. ఆ మాటకు లోపల కొంచెం సంతోషపడ్డాను కూడా.

శుక్రవారం ఇంట్లోవాళ్ళు అందరూ మామా పుట్టింటికి భోజనానికి పోయేవాళ్ళు. మాకు తలస్నానానికి అదే తీరిక. ఆ శుక్రవారం ఆమె రూమ్ మధ్యలో స్టూలు వేసుకుని కూర్చుంది. జుట్టును నాలుగు భాగాలు చేసి క్లిప్పులు పెట్టింది. ఒక భాగం విప్పి, స్ప్రే బాటిల్‌తో నీళ్ళు చల్లి, తెల్లటి కండిషనర్ రాసి, ముందు వేళ్ళతో చిక్కు విడదీసింది. తర్వాత పళ్ళు దూరంగా ఉన్న దువ్వెన తీసుకుని కొసల దగ్గర మొదలుపెట్టింది. కొస తేలాక ఇంకొంచెం పైన, అది తేలాక ఇంకొంచెం పైన. తొందరే లేదు.

అప్పుడు ఒక పాయను పట్టుకుని మెల్లగా కిందికి సాగదీసింది. అది చెవి దాటింది. భుజం దాటింది. రొమ్ము మీదికి వచ్చింది. వదిలిపెడితే మళ్ళీ చెవి పక్కకు ముడుచుకుపోయింది.

"ఇదంతా యాడ దాసిపెట్టినావ్ నువ్వు?" అన్నాను తెలుగులోనే.

మాట అర్థం కాకపోయినా నా ముఖం అర్థమైంది. పడి పడి నవ్వింది. "పొట్టి కాదు సిస్టర్, ముడుచుకుంటుంది అంతే" అని చేత్తో చూపించింది.

ఆ నిమిషాన నా చేతిలో నా దువ్వెన ఉంది. దాని నిండా నా వెంట్రుకలే. సువైక్‌లో మిద్దెమీద ట్యాంకు నీళ్ళు ఎండకు కాగి, ఉప్పగా దిగేవి. ఆ నీళ్ళతో పొద్దున్నే తల తడిపి, ఆరకముందే ముడి వేసి, పైన స్కార్ఫ్ బిగించి పనిలోకి దిగేదాన్ని. రాత్రి విప్పేసరికి తడి తడిగానే ఉండేది. ఊళ్ళో అయితే రాలిన వెంట్రుకలను ఉండ చుట్టి గోడ సందులో దాచిపెడితే, వెంట్రుకలు కొనేవాడు వచ్చి ఒక స్టీలు గిన్నె ఇచ్చిపోయేవాడు. ఇక్కడ ఉండలు ఉండలుగా చెత్తబుట్టలో వేస్తున్నాను. నా జడ నా కళ్ళముందే ఎలుక తోకలా సన్నబడుతోంది. జుట్టే లేదని నేను జాలిపడిన మనిషికి మాత్రం రొమ్ము దాకా ఉంది!

అప్పటినుంచీ నాకు ఆమె తల తప్ప ఇంకేమీ కనబడలేదు. వారానికొకసారి రెండు రెండు పాయలుగా మెలితిప్పి, కొసలు లోపలికి మడిచి, వారమంతా వాటి జోలికే పోయేది కాదు. పడుకునేటప్పుడు నున్నటి శాటిన్ టోపీ పెట్టుకునేది. నూలు దిండు జుట్టులో తడి పీల్చేస్తుందట. ఆ టోపీలో ఆమె హాయిగా గుర్రు పెడుతుంటే నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "ఏం మందు రాస్తావు నువ్వు?"

"మందు లేదు. జుట్టు అందరికీ పెరుగుతుంది సిస్టర్. పైన పెరుగుతూ ఉంటుంది, కింద విరుగుతూ ఉంటుంది. విరగనీయకపోతే మిగులుతుంది."

నేను నమ్మలేదు. ఆమె దగ్గర ఒక డబ్బాలో వాళ్ళ వైపు చెట్టు గింజల నుంచి తీసిన వెన్న ఉండేది. దాన్ని తడి జుట్టు కొసలకు రాసేది. మహిమంతా ఆ డబ్బాలోనే ఉంది, నాకు చెప్పకుండా దాస్తోంది అనుకున్నాను. అడగకముందే ఆమె ఒకరోజు కొంచెం వెన్న నా అరచేతిలో పెట్టింది. పొగ వాసన. రాసుకుంటే నా జుట్టు జిడ్డుగా నెత్తికి అతుక్కుపోయింది. "నీ జుట్టుకు ఇది బరువు" అంది ఆమె. దానికీ కోపమే వచ్చింది. ఆమెకు కలిసొచ్చేది నాకెందుకు బరువు?

ఇంతవరకూ నాలో నేనే ఉడుక్కున్నాను. పిల్ల సంగతి వచ్చేసరికి తట్టుకోలేకపోయాను.

ఒక సెలవురోజున పిల్ల మా రూమ్ తలుపు దగ్గర నిలబడి ఆమె తల దువ్వుకోవడం చూసింది. "నీది కూడా నాలాంటిదే!" అని అరిచింది. ఆ ఇంట్లో అంతవరకు ఎవరూ ఆ పిల్లతో ఆ మాట అనలేదు, పిల్ల కూడా ఎవరితో అనలేదు. నాయనమ్మ తల ఎప్పుడూ గుడ్డ చుట్టే ఉండేది. ఆమె నవ్వి తన మోకాళ్ళ మధ్య పిల్లను కూర్చోబెట్టుకుంది. నీళ్ళు చల్లింది, కొసల నుంచి మొదలుపెట్టింది. నేను గుమ్మంలో నిలబడి పిల్ల ఎప్పుడు ఏడుస్తుందా అని ఎదురుచూశాను. ఏడవలేదు. బడిలో జరిగినవన్నీ చెబుతూ, మధ్యలో పాట పాడుతూ కూర్చుంది. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

మామా వచ్చి చూసి, "మాషాల్లా, ఏడవకుండా దువ్వించుకుంటోందే!" అని ముచ్చటపడింది. మర్నాటి నుంచి ఆ పని ఆమెది. ఆ సమయంలో మగపిల్లల దిష్‌దాషాలు ఇస్త్రీ చేయమని మామా నాకు చెప్పింది. ఆ తెల్లటి పొడుగు చొక్కాల మీద ఇస్త్రీపెట్టె తోస్తూ పక్కగదిలోంచి వచ్చే పిల్ల నవ్వులు వింటూ ఉండేదాన్ని. నేను దగ్గరుండి ఏడిపించిన పిల్లను ఆమె నవ్విస్తోంది. ఆమెను తప్పు పట్టడానికి ఏమీ దొరకదు, అదే నాకు మరీ కష్టంగా ఉండేది.

అమ్మతో చెబితే, "సవరం పంపిచ్చునా మే? ఈడ మంచివి వచ్చినాయి" అంది. నేను అడిగింది ఓదార్పు. అమ్మ ఇస్తానంది సవరం. ఫోన్ పెట్టేసి ఏడ్చాను.

చలికాలం మొదట్లో నాకు జ్వరం పట్టుకుంది. క్లినిక్‌లో సూదులు వేశారు, మంచం దిగలేకపోయాను. వారం పైనే ముడి విప్పకుండా పడుకున్నాను. చెమట, నూనె, దిండు రాపిడి అన్నీ కలిసి, లేచి కూర్చునేసరికి నా జడ జడ కాదు. మెడ వెనక పీచు ఉండలా అట్ట కట్టింది. వేలు దూరదు. మామా చూసి నాలుక కరుచుకుని, కత్తెర తెప్పించింది. ఆవిడలో చెడ్డబుద్ధి లేదు. నొప్పి పడలేనని అనుకుంది. నేను గట్టిగా కళ్ళు మూసుకున్నాను.

"ఆగండి మామా," అంది ఉగాండా ఆమె. "రేపు శుక్రవారమే కదా. నాకు రేపటిదాకా ఇవ్వండి."

శుక్రవారం పొద్దున నన్ను నేలమీద కూర్చోబెట్టి, తను స్టూలు మీద కూర్చుంది. నేను ఎవరిని చూసి కుళ్ళిపోతున్నానో ఆమె మోకాళ్ళ మధ్యే నా తల. కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి ఉండంతా నానబెట్టింది. తర్వాత కండిషనర్. తర్వాత ఒక సన్నటి పుల్లతో కింది నుంచి ఒక్కొక్క పాయా బయటికి లాగడం మొదలుపెట్టింది. పిల్ల ఆ రోజు అమ్మమ్మ ఇంటికి పోనని మొండికేసి మాతోనే ఉండిపోయింది. క్లిప్పులు అందించడం దాని పని. నాకు నొప్పి పుట్టిందేమోనని వంగి వంగి నా ముఖంలోకి చూసేది.

మధ్యలో ఆమె తనంతట తానే మాట మొదలుపెట్టింది.

"మా బడిలో ఆడపిల్లలకు జుట్టు పెంచనీయరు సిస్టర్. అందరికీ నున్నగా కత్తిరించాల్సిందే. చదువు అయిపోయేదాకా నా జుట్టు ఎట్లా ఉంటుందో నాకే తెలియదు."

"అందరికీనా?"

"ఒక్కరికి తప్ప. కొట్టు పెట్టుకున్న ఇండియావాళ్ళ అమ్మాయి. ఆమెది మీ జుట్టు కదా, అందుకని వదిలేశారు. రెండు పొడుగు జడలు. నా ముందు బెంచీలో కూర్చునేది. ఆ జడలు నా పుస్తకం మీద పడేవి." కొంచెంసేపు పుల్ల ఆగింది. "ఆ పిల్లంటే నాకు ఎంత మంటో! ఆమె నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. పెన్సిల్ అడిగితే ఇచ్చేది కూడా. అయినా మంటే."

నా వీపు ఆమె వైపు ఉండటం మంచిదైంది.

సాయంత్రం ఎండ దిగేవేళకు ఉండ మొత్తం విడిపోయింది. కొసల దగ్గర జానెడు మాత్రం దక్కలేదు. అది ఆమే కత్తిరించింది. మిగిలింది నడుం పైదాకా ఉంది. లేచి అద్దంలో చూసుకుని ఆమె చేతులు పట్టుకున్నాను. వేళ్ళ కొసలు నాని ముడతలు పడి ఉన్నాయి. ఆ క్షణంలో కృతజ్ఞత నిజంగానే ఉంది. కానీ పిల్ల వచ్చి ఆమె మెడ చుట్టూ చేతులు వేసి, "నువ్వే అందరికంటే బాగా చేస్తావు" అనగానే పాత మంట ఎక్కడికీ పోలేదని తెలిసింది. రెండూ ఒకే కడుపులో ఉండగలవని అంతకుముందు నాకు తెలియదు.

తర్వాత ఆమె చెప్పినట్టే చేశాను. తలస్నానం వారానికి ఒకసారి, అదీ బిందెలో చల్లారబెట్టిన నీళ్ళతో. ఆరాకే జడ. చిక్కు కొసల నుంచే. మూడు నెలలకు దువ్వెనలో వెంట్రుకలు తగ్గాయి.

ఎండలు ముదిరే ముందు ఇబ్రాలో ఉండే మామా చెల్లెలికి కాన్పు అయింది. వంటకు మనిషి కావాలని ఉగాండా ఆమెను అక్కడికి పంపేశారు. కారు కదిలేటప్పుడు పిల్ల గేటు పట్టుకుని ఏడ్చింది. నా దగ్గర తల దువ్వించుకుంటూ ఏడ్చిన ఏడుపు కాదు అది. నేను ఊరికి పోయే రోజున అది అట్లా ఏడుస్తుందా అని ఆలోచిస్తూ నిలబడ్డాను.

తల పని మళ్ళీ నాకే వచ్చింది. ఇప్పుడు నీళ్ళు చల్లి, నాలుగు భాగాలు చేసి, కొసల నుంచే దువ్వుతున్నాను. పిల్ల ఏడవడం లేదు. ఒకసారి, "బాగా చేస్తున్నావు, కానీ నీ చేతులు తొందరపడతాయి" అంది. ఒళ్ళో మాత్రం పడుకోవడం మానేసింది. నొప్పే లేనప్పుడు ఒళ్ళోకి రావాల్సిన పనేముంది?

ఈద్‌కు ఇబ్రా వాళ్ళంతా వచ్చారు. కారులోంచి ఆమె కూడా దిగింది. నేను కాఫీ కప్పుల ట్రేతో అతిథులు కూర్చున్న మజ్లిస్‌లోకి పోతున్నాను. పిల్ల నన్ను తోసుకుంటూ పరిగెత్తి ఆమె నడుం వాటేసుకుంది. కప్పులు గలగలలాడాయి.

కొంతసేపటికి ఆమె వంటింట్లోకి వచ్చి, నా స్కార్ఫ్ తానే విప్పి, జడ పట్టుకుని కొస దాకా తడిమి చూసింది.

"పెరిగింది సిస్టర్! విరగలేదు."

"నీది?"

ఆమె తలగుడ్డ తీసింది. మెలితిప్పిన పాయలు ఇప్పుడు సాగదీయకుండానే భుజాలు దాటి వేలాడుతున్నాయి. పిల్ల వాటిని రెండు చేతులతో పట్టుకుని ఊపుతోంది.

"బాగుంది," అన్నాను. "నాకంటే బాగుంది." ఆ మాట నవ్వుతూ అనడానికి నాకు చాలా బలం కావలసివచ్చింది. ఆమె నా వైపు ఒక్క క్షణం చూసింది. తెలుసన్నట్టే చూసింది. చేతులు పైకి మడుచుకుని, గిన్నెలు కడగడానికి నా పక్కన నిలబడింది.