ఆదివారం కూడా అందరూ హాజరే

కృపామణి పుట్టింది గూడూరులో. నాయన జయరావు రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్. అమ్మ సంతోషమ్మ నిమ్మకాయల మండీలో కాయలు ఏరే పనికి పోయేది. బడి లేని రోజుల్లో కూతుర్ని కూడా తీసుకుపోయి పక్కనే గోనెపట్ట మీద కూర్చోబెట్టుకునేది. పెద్ద కాయ ఒక గంపలోకి, చిన్న కాయ ఇంకో గంపలోకి, మచ్చలున్నది పక్కకి. చేతులు ఆ పని చేస్తుంటే సంతోషమ్మ నోరు ఊరికే ఉండేది కాదు.

"ఇది సూడు, మూతి ముడుసుకోనుండాది. అత్త మీద అలిగొచ్చినాది," అనేది ఒక కాయను పైకెత్తి.

"మరి అత్త యాడమ్మా?"

"ఈ గంపలోనే యాడో ఉంటాది, ఎతుకు."

అలా పొద్దు వాలేలోపు తల్లీకూతుళ్లు నాలుగైదు కాపురాలు చక్కబెట్టేవాళ్లు. కథంటే కూర్చున్న చోట, చేతికి అందినదాంతో చేసుకునేదని కృపామణికి అక్కడే తెలిసింది.

పెద్దయ్యాక ఆమెకు టీచరు ఉద్యోగం వచ్చింది, కార్వేటినగరం దగ్గర ఒక పల్లె బడిలో. భర్త సుకుమార్ ట్రాక్టర్లు బాగుచేస్తాడు. మంచి మనిషి. భార్య రాసిన కథ ఏదైనా సరే, రెండో పేజీ దాటకుండా నిద్రపోతాడు. అందుకని ఆమె తన కథలను మూడో తరగతి పిల్లల మీద పరీక్షించేది. వాళ్లలో రూపశ్రీ అని ఒక పిల్ల. పెన్సిలు కొరుకుతూ కథంతా విని, చివర్లో తీర్పు చెప్పేది.

"మిస్, ఈ కథలో ఒక్కరూ కింద పడలేదు."

"పడాలా?"

"పడకపోతే ఎట్ల మిస్, నవ్వేదానికి?"

కృపామణి ఆ కథను అక్కడే చించేసి, మర్నాడు ఇద్దరిని కింద పడేసి మళ్లీ రాసుకొచ్చేది.

ఆ బడికి హెడ్మాస్టరు మునిరామయ్య. ఇస్త్రీ చొక్కా, కత్తిరించిన మీసం, జేబులో రెండు రంగుల పెన్నులు. ఆయనకు లోకంలో అన్నిటికంటే ప్రీతి హాజరు రిజిస్టరు. దానికి ఖాకీ అట్ట వేసి, పైన ప్లాస్టిక్ కవరు తొడిగి, ఎవరైనా ముట్టుకుంటే ముందు చేతులు చూపించమనేవాడు.

ఒక ఆగస్టు మొదట్లో, పైఅధికారి తనిఖీకి వస్తున్నాడని ముందురోజే కబురొచ్చింది. మునిరామయ్య రిజిస్టరును తుడిచి, వరండాలో బల్ల మీద పెట్టి, పూలమాల సంగతి చూడడానికి బయటికి పోయాడు. బడిలో మధ్యాహ్న భోజనం వండే నాగులమ్మకు ఒక మేక ఉంది. పేరు రాణి. ఆమె వెంట రోజూ బడికి వస్తుంది, పిల్లలకంటే సక్రమంగా. మునిరామయ్య తిరిగొచ్చేసరికి రాణి నిదానంగా నములుతోంది. బల్ల మీద అట్ట మాత్రం మిగిలి ఉంది.

"అయ్యయ్యో! నా రిజిస్టరు!" అని ఆయన పెట్టిన కేకకు పిల్లలు ఎక్కాలు ఆపేశారు.

నాగులమ్మ పరుగెత్తుకొచ్చి ముందు మేక నోరు తెరిచి చూసింది. "సార్, అట్ట తినలేదు సార్. దానికి ప్లాస్టిక్ పడదు," అంది, ఊరడిస్తున్నట్టు.

"ఈ సంగతి బడి గోడ దాటకూడదు!" అన్నాడాయన. కొత్త రిజిస్టరు కొనుక్కుని ఇంటికిపోయి, తలుపేసుకుని, జూన్, జూలై రెండు నెలల హాజరూ గుర్తున్నంత మేర మళ్లీ రాశాడు. గుర్తులేని చోట అందరూ వచ్చారనే రాశాడు.

మర్నాడు అధికారి వచ్చాడు. ఆయనకు ఇంకా మూడు బడులు చూడాల్సి ఉంది. కొబ్బరినీళ్లు తాగి, రిజిస్టరు టపటపా తిప్పి, 'చాలా చక్కగా నిర్వహిస్తున్నారు' అని పచ్చ ఇంకుతో రాసి, సంతకం చేసి వెళ్లిపోయాడు.

ఆయన జీపు మలుపు తిరిగాక కృపామణి ఆ రిజిస్టరు తెరిచింది. చూసింది. వేళ్లు మడిచి లెక్కపెట్టి మళ్లీ చూసింది. ఆ రెండు నెలల్లో వచ్చిన ప్రతి ఆదివారం పిల్లలందరూ బడికి వచ్చారు. ఆమె రిజిస్టరు మూసి, వంటగది వెనక్కిపోయి, గోడకు ఆనుకుని నవ్వుతూనే ఉండిపోయింది. కడుపు పట్టుకుని వంగిపోయిన టీచరమ్మను చూసి, నాగులమ్మ వాము నీళ్లు కలుపుకొచ్చింది.

ఇక రాయకుండా ఎలా ఉంటుంది? మనిషి పేరు మార్చింది, ఊరి పేరు మార్చింది. మేక పేరు మార్చడానికి మాత్రం మనసొప్పలేదు. రూపశ్రీ పెన్సిలు కొరకడం మరిచిపోయి నవ్వింది. ఒక పిల్లల పత్రిక దాన్ని బొమ్మలతో సహా వేసింది.

పత్రిక వచ్చిన మూడో రోజు మునిరామయ్య దాన్ని గొట్టంలా చుట్టి పట్టుకుని తరగతి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏందమ్మా ఇది?"

"కథ సార్."

"ఇందులో హెడ్మాస్టరు ఎవరు?"

"ఎవరో కల్పించిన మనిషి సార్. ఎందుకు, మీకు తెలిసినాయనా?"

మునిరామయ్య పత్రిక గొట్టాన్ని ఇంకాస్త బిగించి చుట్టాడు. అవునంటే మేక సంగతి ఒప్పుకోవాలి, ఆదివారాల సంగతీ ఒప్పుకోవాలి. కాదంటే ఇంత కోపం ఎందుకొచ్చిందో చెప్పాలి. చివరికి, "ఆ మనిషి మీసం చీపురు మాదిరి ఉండాదని రాయాల్సిన పనేముండాది? కథకేమన్నా అవసరమా?" అని గిర్రున తిరిగి వెళ్లిపోయాడు. తర్వాత పదిహేను రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఏదైనా చెప్పాలంటే బోర్డు మీద రాసి పోయేవాడు.

మూడేళ్లకు కృపామణి కథలు పదకొండు కలిపి పుస్తకంగా వచ్చాయి. ఆ పుస్తకానికి తిరుపతిలో ఒక బాలసాహిత్య సంఘం అవార్డు ప్రకటించింది. సభకు బడి నుంచి ఇద్దరు వచ్చారు. కొత్త చీర కట్టుకుని నాగులమ్మ, తెల్లచొక్కా వేసుకుని మునిరామయ్య. ఆయన రిటైరు కావడానికి ఇంకా నాలుగు నెలలుంది.

వేదిక ఎక్కి కూర్చున్నాక కృపామణి పక్కకు చూసింది. ముఖ్య అతిథి ఆ రోజు తనిఖీకి వచ్చిన అధికారే. ఇప్పుడు ఇంకా పెద్ద పదవిలో ఉన్నాడు. ఆయనకు ఈ బడి గుర్తున్నట్టు లేదు. మైకు పట్టుకుని హుషారుగా అడిగాడు.

"అమ్మా, ఈ మేక కథ నిజంగా జరిగినాదా? ఆదివారం కూడా పిల్లోళ్లు వచ్చినట్టు రాస్తే, దాని మీద సంతకం పెట్టిన ఆ తెలివైన ఆఫీసరు ఎవరమ్మా?"

హాలంతా నవ్వింది. పదకొండు కథలు అల్లిన కృపామణికి నమ్మించే అబద్ధం ఒక్కటీ సమయానికి దొరకలేదు. మూడో వరసలో మునిరామయ్య తెల్లచొక్కా ఒక్కటే కనిపిస్తోంది. నాలుగు నెలలు, నాలుగు నెలలు అని మనసు కొట్టుకుంటోంది.

"అంతా... కల్పనే సార్," అంది.

"కల్పనేంది టీచరమ్మా!" నాగులమ్మ లేచి నిలబడింది. "మా రాణి తిన్నది కల్పనా? రెండు రోజులు నెమరేసినాది కదా!"

జనం వెనక్కి తిరిగారు. నాగులమ్మను కూర్చోబెట్టబోయి మునిరామయ్య తానే లేచాడు. మీసం ఒకసారి తడుముకున్నాడు.

"జరిగింది సార్. ఆ హెడ్మాస్టరును నేనే."

"ఓహో! మరి సంతకం పెట్టింది?"

"మీరే సార్. పచ్చ ఇంకుతో."

అధికారి మొహం ఎర్రబడింది, నల్లబడింది, ఆ తర్వాత భుజాలు కదలడం మొదలైంది. నవ్వు ఆపుకోలేక మైకు కింద పెట్టి, మళ్లీ తీసుకున్నాడు.

"మీరు లెక్క తప్పు రాసినారు. నేను కొబ్బరినీళ్లు తాగి పోయినాను. ముగ్గురిలో ఆ మేక ఒక్కటే తన పని శ్రద్ధగా చేసినాది," అన్నాడు.

చప్పట్లు చాలాసేపు మోగాయి. ఆయన మీద గానీ, మునిరామయ్య మీద గానీ తర్వాత ఏ కాగితమూ కదల్లేదు.

తిరుగు బస్సులో మునిరామయ్య కృపామణి ముందు సీట్లో కూర్చున్నాడు. పుత్తూరు దాటాక వెనక్కి తిరిగి, మెల్లగా చెప్పాడు.

"నాలుగో ఆదివారం రాసేటప్పుడే తెలిసిపోయిందమ్మా. కొట్టేయాలంటే చెయ్యి రాలేదు. ముప్పై ఏళ్ల సర్వీసులో నా రిజిస్టర్లో ఒక్క కొట్టివేత లేదు. అందుకే మిగతావి కూడా నింపేసినాను."

కృపామణికి ఈసారి నవ్వు రాలేదు. "నాకు ముందే చెప్పుంటే అది కూడా రాసేదాన్ని సార్," అంది.

"చెప్పనిదే మేలైంది," అన్నాడాయన, కిటికీ వైపు తిరిగి.

ఆయన గౌరవంగానే రిటైరయ్యాడు. రూపశ్రీ ఇప్పుడు కార్వేటినగరంలో హైస్కూలుకు పోతోంది. కృపామణికి మొన్న వేసవిలో పూతలపట్టు వైపు బదిలీ అయింది. చేరిన రోజే అక్కడి హెడ్మాస్టరు మునిప్రసాద్ ఆమెను ఆఫీసు గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

"అమ్మా, మీ గురించి విన్నాను. ఏమనుకోవద్దు. నన్ను మాత్రం రాయొద్దు."

"అయ్యో, రాయను సార్," అంది కృపామణి.

ఆయన అంతలా బతిమాలకుండా ఉంటే నిజంగానే రాసేది కాదు.