ఒక్క నూలు ఎక్కువుంది

కాళ్ళున్న వస్తువు కంటపడితే మా బావ దాన్ని పొట్టి చెయ్యకుండా వదలడు. మనుషుల జోలికి పోడు, అంతవరకూ నయం. కుర్చీ, బల్ల, పీట, మంచం, ఏదైనా సరే, ముందు దూరంగా నిలబడి ఒక కన్ను మూసి చూస్తాడు. తర్వాత దగ్గరికొచ్చి అరచెయ్యి ఆనిస్తాడు. ఆ పైన రోగం కనిపెట్టిన వైద్యుడిలా తల పంకించి, "ఒక్క నూలు ఎక్కువుంది" అంటాడు. ఆ మాట అన్నాడంటే రంపం సంచిలోంచి బయటికొచ్చినట్టే.

నూలంటే వడ్రంగుల లెక్కలో అంగుళంలో ఎనిమిదో వంతు. అంత తేడా పసిగట్టే మోకాళ్ళు ఎవరికుంటాయి బావా అని అడిగితే, "నీకు తెలియదు, నీ మోకాళ్ళకి తెలుసు" అంటాడు. మోకాళ్ళని సాక్ష్యానికి పిలవలేం కదా, అక్కడితో వాదన ముగుస్తుంది.

ఒకసారి పన్ను నొప్పంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. లోపలి నుంచి పిలుపొచ్చేసరికి ఈయన వరండాలో స్టూలు తిరగేసుకుని కోస్తున్నాడు. కాంపౌండరు పరుగెత్తుకొచ్చాడు.

"ఏం చేస్తున్నారండీ?"

"మంచి పనే. ఒక్క నూలు ఎక్కువుంది."

"పన్ను నొప్పన్నారు?"

"అది నాది. ఇది మీది."

మా ఇంటి భోజనాల బల్ల సంగతి తలచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. వచ్చినప్పుడల్లా ఒక నూలు తీసి తీసి, చివరికి నాన్న మోకాళ్ళు దాని కింద పట్టకుండా చేశాడు. పాపం నాన్న ఇప్పుడు పక్కకి తిరిగి కూర్చుని, ఎవరి మీదో అలిగినవాడిలా తింటాడు. అమ్మ మాత్రం, "పోనీలెండి, అల్లుడు. గోడలు కొయ్యట్లేదు కదా" అని సర్దిచెబుతుంది.

అక్కా బావా కలిసి పెట్టుకున్న చెక్కపని కొట్టు గురించి చెప్పకపోతే ఈ పిచ్చి అర్థం కాదు. పాత తలుపొకటి రెండు డ్రమ్ముల మీద పరిచి, దాని మీద గరిటెలూ పీటలూ మూత డబ్బాలూ చేసి అమ్మడంతో మొదలైంది వాళ్ళ వ్యాపారం. బావ కోస్తాడు, బిగిస్తాడు. అక్క చెక్కుతుంది, నునుపు చేస్తుంది. బావకి కొలతే లోకం. ఆయన కోసిన చోట వేలు పెడితే పుల్ల గుచ్చుకుంటుంది, ఆయనకది పట్టదు. అక్క అలా కాదు. ఏ అంచూ పదునుగా ఉండకూడదు ఆవిడకి. ఉప్పుకాగితం పట్టుకుని ప్రతి అంచునీ గుండ్రంగా తిప్పుతుంది, సొరుగు వెనకా బల్ల అడుగునా కూడా. అక్కడెవరు చూస్తారే అంటే, "చెయ్యి తగులుతుందిగా ఎప్పుడో" అంటుంది. జనం మా కొట్టుకి వచ్చేది ఆ అంచుల కోసమే. బోర్డు మీద "ఇద్దరి చెక్కపని" అని ఉంటుంది. వచ్చినవాళ్ళతో మాట్లాడటం నా పని. చెక్క మాత్రం నన్ను ముట్టుకోనివ్వరు.

ఆ మధ్య అటక మీంచి పలకలు దించుతూ అక్క నిచ్చెన మీంచి పడింది. కుడి భుజం దెబ్బతింది. కట్టు విప్పాక కూడా చెయ్యి మునుపటిలా లేవలేదు. అది రాను రాను బిగుసుకుంటుందే తప్ప విడదనీ, మోచెయ్యి ఎత్తి చేసే పని మానుకోవాలనీ డాక్టరు చెప్పాడు. ఇంటికి రాగానే అక్క మా ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టింది.

"నాకు ఒకరు సాయం పట్టాల్సిన రోజున ఉలి కింద పెట్టేస్తాను. బోర్డు మీద 'ఇద్దరి' అన్న మాట మీరే చెరిపేసుకోండి."

అన్నంత పనీ చేసే మనిషి. చిన్నప్పుడు జ్వరంగా ఉందని అమ్మ బత్తాయి ఒలిచి పెట్టబోతే, నాకు చేతుల్లేవా అని ఆ పూటంతా పస్తు పడుకుంది. ఆ కొట్టు లేకపోతే అక్క ఏమైపోతుందో ఊహించడానికే నాకు భయం వేసింది.  బావ పిచ్చి మొదలైంది ఆ తర్వాతే. దిగులు కొందరికి అలా తలకెక్కుతుంది కాబోలని మేం సరిపెట్టుకున్నాం.

ఇక కొట్టు మెల్లగా కుంగడం మొదలుపెట్టింది. ముందు టీ బల్ల, తర్వాత నా కుర్చీ, బావ సొంత పనిబల్ల, జిగురు డబ్బాలు పెట్టుకునే అర. అక్క పనిబల్ల దగ్గరే రోజూ రభస.

"ఏమండీ, నా బల్ల మళ్ళీ కోశారా?"

"ఎంత, ఒక్క నూలు."

"ఎందుకంట?"

"వానలు కదా. తేమకి కాళ్ళు పెరిగాయి."

"బల్ల కాళ్ళు పెరుగుతాయా ఎక్కడైనా?"

"పిల్లలవి పెరగట్లా?"

"రేపు ఎండలొస్తే?"

"అప్పుడు నేల ఉబ్బుతుంది."

అక్క నెత్తి కొట్టుకుని పనిలో పడేది. చిత్రమేమిటంటే పని ఆగలేదు. డాక్టరు మానుకోమన్న మనిషి ముందుకంటే చక్కగా చెక్కుతోంది. "మొండికేస్తే భుజమైనా మాట వింటుందిరా" అనేది నాతో. నేను నమ్మాను.

ఇంతలో కొత్తగా కడుతున్న గ్రంథాలయానికి చదువుబల్లలు కావాలని, దాన్ని చూసుకునే మేడమ్ గారు వచ్చారు. అంత పెద్ద పని మా కొట్టుకి అదే మొదలు. ఆవిడ నా ఎదురు కుర్చీలో కూర్చోగానే మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి.

"ఇది పిల్లల కుర్చీనా?"

"పెద్దలదేనండీ. కాస్త వినయం ఎక్కువ."

ఆవిడ నవ్వలేదు. అక్క లోపల్నుంచి మచ్చు బల్ల పలక తెచ్చి ముందు పెట్టింది. ఆవిడ అంచు వెంబడి అరచెయ్యి నడిపి, వెనక్కి తెచ్చి, మళ్ళీ నడిపారు. మోకాళ్ళ సంగతి మరిచిపోయారు. చివరికి రెండు షరతుల మీద పని ఒప్పజెప్పారు. ఎత్తు తను చెప్పినంతే ఉండాలి, అంచులన్నీ ఈ చెయ్యే చెయ్యాలి. రెండో షరతు గురించి నాకు బెంగ లేదు. మొదటిదాని గురించి మాత్రం అన్నం సయించలేదు.

మొదటి రెండు చదువుబల్లలు తయారైన రోజు మధ్యాహ్నం అక్క భోజనానికి వెళ్ళింది. బావ చేతిలో రంపం లాక్కుందామని లోపలికెళ్ళాను. ఆయన అక్క పనిబల్లని పక్కకి పడుకోబెట్టి, ఒక కాలు అప్పటికే కోసేసి రెండోదాని మీద గీత గీస్తున్నాడు.

"రంపం ఇలా ఇచ్చెయ్ బావా. ఇప్పటికే ఇది పీటయింది. రేపు ఆ చదువుబల్లలు కూడా కోసేస్తే మన కొట్టు మూతపడుతుంది."

"వాటినెందుకు కోస్తానురా? సరైన ఎత్తులో ఉన్నాయిగా."

ఒక వస్తువు సరైన ఎత్తులో ఉందని ఆయన నోట వినడం అదే మొదటిసారి. 

"మరి దీన్నెందుకు కోస్తున్నావు?"

బావ వాకిలి వైపు ఒకసారి చూసుకున్నాడు.

"మీ అక్క మోచెయ్యి ఎంతదాకా లేస్తోందో ఈమధ్య చూశావా?"

చూడలేదు.

"రోజురోజుకీ దిగుతోంది. బల్ల కూడా దిగాలిగా. ఒక్కసారే కోస్తే పసిగడుతుంది. అందుకని నూలు నూలు చొప్పున."

"మరి నా కుర్చీ ఏం పాపం చేసింది?"

"తన బల్ల ఒక్కటే తగ్గితే అది సాయమని తెలిసిపోదూ? ఉలి కింద పెట్టేస్తుంది."

"మా ఇంట్లో బల్ల?"

"వారం వారం మీ అక్క అక్కడికి భోజనానికి వస్తుందిగా."

"డాక్టరు దగ్గర స్టూలో? అక్కడికి అక్క రాలేదే."

"పిచ్చి అన్నాక అన్ని చోట్లా ఉండాలిరా. ఒక్క చోటే ఉంటే ఎవరు నమ్ముతారు? పైగా నువ్వు ఇంటికెళ్ళి అందరికీ చెబుతావని తెలుసు. చెప్పావుగా."

"పన్ను నొప్పి కూడా నాటకమేనా?"

"కాదు, అది నిజమే."

నాకు ఆ మనిషిని కౌగిలించుకోవాలనిపించింది. ఒంటినిండా రంపపు పొట్టు ఉండటం చూసి ఆగాను. ఇన్నాళ్ళూ ఊరందరి చేతా పిచ్చివాడనిపించుకుంటూ తిరిగాడు, ఒక్క మనిషి చేతిలో ఉలి నిలబెట్టడానికి. ఆయన నా మొహం చూడకుండా, ఇందాక కోసిన పలచటి ముక్క నా చేతిలో పెట్టాడు.

"అడుగువైపు చూడు, ఎంత నున్నగా ఉందో. కిందటిసారి కోసింది అది. ఉప్పుకాగితం ముట్టనే లేదు. నా రంపం అలాంటిది."

ముక్కని అటూ ఇటూ తిప్పాను. ఇప్పుడే కోసిన వైపు వేలు పెడితే పుల్ల గుచ్చుకుంది. అడుగువైపు, ఇన్నాళ్ళూ నేలకి ఆని ఉన్న వైపు, నున్నగా ఉంది. అంచు చుట్టూ గుండ్రంగా తిప్పి ఉంది. పడుకోబెట్టిన బల్లకేసి వంగి, ఇంకా కొయ్యని మూడు కాళ్ళ అడుగులూ తడిమాను. మూడూ అంతే. ఆ అంచులు ఎవరి చేతివో మా కొట్టుకి వచ్చేవాళ్ళందరికీ తెలుసు. నేల మీద కూర్చుని, పక్కనున్న బల్లకాలి కింద చిన్న చెక్కముక్క దూర్చుకుని చేసే పని అది. మోచెయ్యి ఎత్తనక్కర్లేదు.

బావ మాత్రం తన రంపాన్ని మెచ్చుకోలుగా చూసుకుంటున్నాడు. నేను ముక్కని చేతిలోనే ఉంచుకున్నాను.

మిగిలిన కాళ్ళు కోసి, బల్ల నిలబెట్టి ఆయన టీకి వెళ్ళాడు. అంతలోనే అక్క వచ్చింది. బల్ల మీద చేతులు ఆనించి నిలబడింది. భుజం కిందికి జారి, మోచెయ్యి హాయిగా కుదురుకుంది.

"మళ్ళీ కోశాడా?" అంది.

"ఒక్క నూలు" అన్నాను.

నా చేతిలో ముక్క చూసింది. తీసుకుని, అంచు మీద బొటనవేలు ఒకసారి తిప్పి, ఉలుల డబ్బాలో పడేసింది. అప్పుడు నాకేసి చూసి గొంతు తగ్గించింది.

"నువ్వేమీ అనకు ఆయన్ని. తిట్టేదేదో నేను తిడతాను. ఆ పిచ్చి కుదిరిందంటే నా పని ఆగిపోతుంది."

బయట టీ గ్లాసులతో బావ వస్తున్న చప్పుడైంది. అక్క గొంతు పెంచి, "ఈ మనిషితో వేగలేకపోతున్నానురా" అంటూ మొదలుపెట్టింది.

నేను ముందుగదిలోకి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. లేచి, కాస్త దూరంగా నిలబడి, ఒక కన్ను మూసి చూశాను. నిజమే, ఇంకా ఒక్క నూలు ఎక్కువుంది.