పిన్ని ఉంగరం కోసం ఆగిన మోటారు

ఉంగరం మీద పేరు చెక్కించుకున్నారు సరే... ఆ అక్షరం వంకర పోకుండా ఎవరెవరు ఊపిరి బిగబట్టారో ఎప్పుడైనా అడిగారా?

మా చిన్నప్పుడు... చిలకలపూడిలో మా నాన్న దానియేలు రోల్డుగోల్డు ఉంగరాల మీద పేర్లు చెక్కేవాడు. పైన ఉల్లిపొరంత బంగారం, లోపల రాగి. ఉలి వెంట్రుకవాసి లోతుకు దిగిందా... ఎర్రటి రాగి గాయంలా బయటపడేది. ఇక ఆ ఉంగరం పనికిరాదు.

అందుకే ఉంగరం కదలకూడదు. కర్ర కొసన లక్క కరిగించి, అందులో ఉంగరాన్ని కూర్చోబెట్టి, లోపలి ఖాళీ కూడా లక్కతో నింపేవాడు నాన్న. అది చల్లారి బిగిశాక, కర్రను ఇసుక నింపిన తోలు సంచి మీద ఆనించి, ఎడమ బొటనవేలు ఉలికి అడ్డం పెట్టుకుని చెక్కేవాడు.

ఇంత చేసినా పీట అదిరేది... గోడకు అవతల వెంకటరత్నం మావయ్య నగలకు మెరుగు పెట్టే మోటారు! చుట్టం కాదు, పక్కింటాయన. నాన్న ఓసారి అరిచాడు. "నీ చెయ్యి వణికితే నా మోటారుదా తప్పు?" అన్నాడు మావయ్య. అంతే... రెండు గడపల మధ్య మాటలు ఆగిపోయాయి. నాన్న పీట కాళ్ల కింద తడి గోనెపట్టాలు మడిచి పెట్టుకున్నాడే గానీ, మళ్లీ ఆ గడప తొక్కలేదు.

అలా ఉండగా మా ఇంట్లోనే ఉండే అమ్మ చెల్లెలు రూతు పిన్నికి నాగాయలంక సంబంధం కుదిరింది. అబ్బాయిది రొయ్యల చెరువుల దగ్గర పని. బంగారం కొనే స్తోమత ఇటూ లేదు, అటూ లేదు... ఆ సంగతి ఎవరూ దాచిందీ లేదు. "బావ చెక్కిన ఉంగరమైతే చాలు" అంది పిన్ని.

తెల్లారితే పెళ్లి. ఆ మధ్యాహ్నం అవతల మోటారు రొద మధ్య సిలువ చెక్కుతుంటే ఉలి జారింది. రాగి బయటపడింది.

ఆ కొలతకి ఇంకొక్క ఉంగరమే ఉంది.

నాన్న దాన్ని లక్కలో కూర్చోబెట్టాడు గానీ ఉలి పట్టుకోలేదు. అరచేతులు చూసుకుంటూ ఉండిపోయాడు. "వాడన్నది నిజమేనేమో... నా చెయ్యే పోయిందేమో" అన్నాడు అమ్మతో. ఆ చెయ్యి పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

పిన్నే లేచింది. "నీ చెయ్యో, ఆయన మోటారో తేల్చుకోవడానికి నా పెళ్లి ఉంగరమే దొరికిందా బావా?" అంటూ విసవిసా పక్కింటికి నడిచింది. వెనకాలే నేను.

"అన్నయ్యగారూ, కాసేపు మోటారు ఆపండి."

"మీ బావ పంపాడా?"

"ఆయన పంపే రకమైతే ఇన్నాళ్లు మాటలెందుకు ఆగుతాయండీ? పెళ్లి నాది. నేనే వచ్చాను."

మోటారు ఆగింది. మావయ్య చేతులు తుడుచుకుంటూ మా గడప దాటి వచ్చి, నాన్న ఎదుట చతికిలబడ్డాడు. "ఏదీ, ఆ కర్ర ఇలా తే. నేను అదిమి పడతా... నువ్వు చెక్కు."

నాన్న కర్ర ఇచ్చి ఉలి అందుకున్నాడు. "తిప్పు... ఇంకాస్త... చాలు." ఇద్దరి మధ్యా అవే మాటలు. సిలువ పడింది. పక్కన పెళ్లివాళ్లిద్దరి పేర్ల మొదటి అక్షరాలూ పడ్డాయి. ఎక్కడా ఎరుపు లేదు!

మావయ్య భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. "నీ చేతికేం రా దానియేలూ... భేషుగ్గా ఉంది. పీటను అదిరించింది నా మోటారే."

నాన్న గోడకు జారబడి "అమ్మయ్య" అన్నాడు... ఆయన గుండెల్లో అంత ఊపిరి ఆగి ఉందని నాకు అప్పుడే తెలిసింది. మర్నాడు నాగాయలంకలో పెళ్లికి ఇద్దరూ ఒకే బస్సెక్కారు. అవనిగడ్డ దాకా కిటికీ సీటు కోసం కొట్లాడుకుంటూనే ఉన్నారు! ఆ తర్వాత చెక్కే పనుంటే నాన్న గోడ మీద తట్టేవాడు... మోటారు ఆగేది.

నేను బైబిలు కాలేజీ గడప ఎక్కినదాన్ని కాదు. సొంతంగా వాక్యం చదువుకుని, బజార్లో నిలబడి గొంతు చించుకుని చెప్పేదాన్ని. ప్రధాన యాజకుడి భుజాల మీది రాళ్లలో గోత్రాల పేర్లు చెక్కించాడు దేవుడని చదివినప్పుడల్లా... ఆ చెక్కేవాడి ఎదుట కూర్చుని అదిమి పట్టినవాడెవరా అనుకుంటాను!

ఇప్పుడు లేజరు మిషను రెప్పపాటులో పేరు రాసేస్తోంది. అదిరేదీ లేదు, చెడేదీ లేదు. మంచిదే... కానీ పక్కింటివాణ్ని పిలవాల్సిన పనీ లేకుండా పోయింది.

అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి, ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడమంటోంది వాక్యం. మనమేమో కానుక వేసి, ఆమెన్ అనేసి, ఆ గడప ముందు నుంచే తల తిప్పుకుని పోతున్నాం! ఎవరితో మాటలు మానేశారో మీకు తెలుసు. ఆదివారం దాకా ఆగొద్దు. పొద్దు గుంకకముందే వెళ్లండి. ఏమైందో వచ్చాక ఇక్కడ రాద్దురుగాని... ముందు లేవండి, ఈ రోజే!