బొమ్మల సినిమాలో కుక్క కోసం నరసరావుపేట దాకా

ముందుగా క్షమించాలి. నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. ఒత్తులూ దీర్ఘాలూ పడాల్సిన చోట పడవు. ఊరి బడిలో అయిదో తరగతితో నా చదువు అయిపోయింది. నేను కాగితం మీద రాసిస్తే మా మనవరాలు తప్పులు దిద్ది ఫోన్లో పెడతానంది. జపాను బొమ్మల సినిమా ఒకటి తెలుగు మాటలతో నరసరావుపేటలో ఆడింది. మళ్ళీ అలాంటిది వస్తే గురజాల వైపు నుంచి వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా. ఆ సినిమాకి నేను వారంలో రెండుసార్లు వెళ్ళా. రెండోసారి వెళ్ళింది చివర్లో పడే పేర్ల కోసం.

ఎందుకో చెబుతా. మా ఊళ్ళో సైదాకి సైకిల్ షాపుంది. ఇద్దరం ఒక ఈడువాళ్ళం. పంక్చర్లకొచ్చే పిల్లలు కుదురుగా ఉంటారని ఎప్పుడో షాపులో టీవీ పెట్టాడు. సాయంత్రం జపాను బొమ్మలు వచ్చేయి. ఆ పిల్లలందరూ పెద్దవాళ్ళయి ఎటువాళ్ళు అటు పోయారు, మేమిద్దరం మాత్రం ఆ బల్ల మీద నుంచి లేవలేదు. మా చిన్నప్పుడు కృష్ణ ఒడ్డున మా పాత ఊళ్ళో తోలుబొమ్మలాట ఆడేవాళ్ళు. ఏడుపు వచ్చే చోట బొమ్మలాయన బొమ్మ చెయ్యి కూడా కదిలించేవాడు కాదు. బొమ్మని తెల్లగుడ్డకి కాస్త ఎడంగా జరిపేవాడు. నీడ పెద్దదై మసకబారేది, ఆడవాళ్ళు కళ్ళొత్తుకునేవాళ్ళు. జపాను వాళ్ళదీ అదే పద్ధతి. మనిషిని అట్లా నిలబెట్టేసి జుట్టు ఒక్కటే కదిలిస్తారు. అన్నం గిన్నె మీద ఆవిరి ఒక్కటే లేస్తుంది. రేకుల మీద వాన పడితే ఒక్కో చినుకూ ఒక్కో రకంగా చిట్లుతుంది, ఎవరో కూర్చుని అన్నీ చేత్తో గీసినట్టు. "కదలని బొమ్మే చానా చెప్పిద్దిరా" అంటాడు సైదా.

ఈ సినిమాలో డ్యాం కడతారు, ఊరు మునిగిపోవాలి. పడవ నడిపే ముసలాయన, ఆయన పెంచుకున్న పిల్ల, ఒక కుక్క. కొత్త ఊరు గుట్ట మీద. ఆఖరి రోజు అందరూ బయల్దేరతారు, కుక్క కనపడదు. నీళ్ళు గడప దాకా వస్తాయి. పాట మొదలై పేర్లు పడతాయి. పోయిన శనివారం సైదా, నేనూ చూసినప్పుడు పేర్లు మొదలవగానే సినిమా ఆపి లైట్లేశారు. అందరితో పాటు మేమూ లేచొచ్చాం. బయటికొచ్చాక మనవరాలికి ఫోన్ చేస్తే, పేర్లన్నీ అయ్యాక ఇంకో బొమ్మ వస్తుందంట తాతా అంది. అందులో ఏముందో మాత్రం ఎవరూ బయటికి రాయలేదంట, చూడనివాళ్ళకి చెప్పకూడదంట. ఫోన్లోకి రావటానికి నెలలు పడుతుందంట.

మా పాత ఊరు కూడా సాగర్ నీళ్ళ కిందే ఉంది. ఖాళీ చేసిన రోజు సైదా వాళ్ళ కుక్కని లారీ ఎక్కించనీయలేదు. చాలా దూరం వెనకాలే పరిగెత్తి, ఆగి, ఊరి వైపు తిరిగింది. ఆ మాట వాడు మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. శనివారం బస్సులో కిటికీలోంచి చూస్తూ చూస్తూ, దాచేపల్లి దాటాక అడిగాడు, "వచ్చుంటదంటావా?" అని. ఆ మర్నాటి నుంచి వాడికి ఆయాసం ఎక్కువైంది. ఆసుపత్రి వాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. వాడు నెలలు ఆగలేడు. శుక్రవారం సినిమా మారిపోతుంది. అందుకని గురువారం నేనొక్కణ్ణే బయల్దేరా.

గురజాలలో ఏడింటికి బస్సు. దాచేపల్లి, పిడుగురాళ్ళ మీదుగా నరసరావుపేటకి మామూలుగా రెండు గంటలు, సిమెంటు లారీలు అడ్డం పడితే రెండున్నర. ముసలివాళ్ళ కార్డు చూపిస్తే టికెట్ తగ్గిస్తారు, నూరు రూపాయలు దాటదు. ఆడవాళ్ళకి టికెట్ లేదు కాబట్టి బస్సు నిండా వాళ్ళే. నా మోకాళ్ళు దాచేపల్లి దాకా ఓర్చుకున్నాయి. అప్పటికి కండక్టరు చూసి, "అమ్మా, ఈ బస్సులో టికెట్ కొన్నది ఈ తాత ఒక్కడే, ఆయన్నన్నా కూర్చోనీండి" అన్నాడు. అందరూ నవ్వారు. ఒకావిడ జరిగింది. సిగ్గేసి పిడుగురాళ్ళ దాకా తలెత్తలేదు.

నరసరావుపేట బస్టాండు ఎదుటి సందులో ఇడ్లీ బాగుంటుంది, కారప్పొడి అడిగి వేయించుకోండి. మా వైపు నుంచి పెద్దవాళ్ళు ఇక్కడికి డాక్టర్ల కోసమే వస్తారు. ఇడ్లీలు పెట్టే ఆమె కూడా ఏ డాక్టరు దగ్గరికని అడిగింది. సినిమాకి అన్నా. ఏం సినిమా అంది. బొమ్మలది అన్నా. గరిటె పట్టుకుని నా వంక చూసి, "ఇంట్లో తెలుసా పెద్దాయనా?" అంది. హాలు అక్కడికి నడిచిపోయేంత దూరమే, కానీ ఎండలో నాకు రెండుచోట్ల కూర్చోవాల్సి వచ్చింది. ఆట పదకొండింటికి. లోపల కాలేజీ పిల్లలు ఓ పదిమంది ఉంటారేమో.

నేను మనుషుల్ని ఏదీ అడగలేను. అరువు అడగలేను, దారి కూడా అడగలేను. టికెట్ దగ్గర అడుగుదామనుకున్నా, నోరు రాలేదు. గేటు దగ్గరా రాలేదు. ఇంటర్వెల్లో చెమటలు కక్కుకుంటూ మెట్లెక్కి మిషను గదికి పోయా. ఆపరేటరు అన్నం తింటున్నాడు. చివర్లో పేర్లన్నీ పోయేదాకా ఆపొద్దని చెప్పా.

"ఎందుకు తాతా, అందులో మీవాళ్ళున్నారా?"

"లేరు. కుక్క ఉందేమో చూడాలి."

"ఏంది?"

సైదా సంగతి మూడు ముక్కల్లో చెప్పా. అంతకన్నా నాకు రాదు. వాడు ముద్ద కలుపుతూ ఆగాడు. తర్వాత ఆటకి హాలు ఊడవాలి, ఆలస్యమైతే మేనేజరు తిడతాడన్నాడు. చెయ్యి కడుక్కొచ్చి, "సరే, ఆడిస్తా. నువ్వు లేచావంటే మాత్రం ఆపేస్తా" అన్నాడు.

పేర్లు మొదలయ్యాయి. పిల్లలు లేచిపోయారు. నాకు కాలు పట్టేసింది, పైగా ఒంటికి పోవాల్సిన అవసరం. అయినా కదల్లేదు. ఎన్నెన్ని పేర్లో. తెలుగు కాదు, ఒక్కటీ చదవటం రాదు. ఒకరు వాన గీసి ఉంటారు, ఒకరు ఆవిరి, ఒకరు కుక్క తోక. ఎవరెవరో తెలియకపోయినా అన్నీ చూశా. ఊడ్చే ఆయన అలవాటుగా పక్క తలుపు తీశాడు. ఎండ వచ్చి తెర మీద సగం దాకా పడింది. సరిగ్గా అప్పుడే ఆ బొమ్మ వచ్చింది. రేవు నుంచి గుట్ట మీదికి పోయే రాతి మెట్లు. మెట్ల మీద బురద అడుగులు, కుక్కవే. కుక్క లేదు. ఏదీ కదల్లేదు, వాన తప్ప. వానకి ఒక్కో అడుగూ కరిగిపోతోంది. అంతే, ఆగిపోయింది. పైకి చూసి దణ్ణం పెట్టా. చిన్న కిటికీలోంచి ఆపరేటరు చెయ్యూపాడు.

తిరుగు బస్సులో సీటు దొరికింది, నిద్ర మాత్రం పట్టలేదు. పొద్దుగూకేటప్పటికి సైదా మంచం దగ్గర కూర్చున్నా. మెట్లు, వాన, అడుగులు అన్నీ చెప్పా. కళ్ళు మూసుకుని విన్నాడు.

"పైకా, కిందికా?"

"పైకే."

చాలాసేపు ఊపిరి తీసుకుని, "అయితే ఎక్కిందిరా" అన్నాడు. ఆ రాత్రి కాస్త గంజి తాగాడంట, వాళ్ళ కోడలు చెప్పింది.

నాకు ఒళ్ళు ఇంకా నొప్పిగానే ఉంది. ఈ వయసులో ఒక బొమ్మ కోసం ఇంత తిరుగుడు ఏందని ఇంట్లో అన్నారు. కానీ ఆ మెట్లు గీసినవాళ్ళెవరో కుక్కని కూడా గీసేయొచ్చు, వాళ్ళకి అదేం పని. గీయకుండా అడుగులొక్కటే పెట్టి వదిలేశారు. మిగతాది మంచంలో ఉన్న మా సైదా గీసుకున్నాడు. చిన్నప్పుడు తెల్లగుడ్డ మీద మసక నీడకి కళ్ళూ ముక్కూ మేమే పెట్టుకున్నట్టు.

ఇట్లాంటి సినిమాకి వెళ్ళేవాళ్ళకి ఒకటే మాట: పేర్లు ఆపొద్దని ఇంటర్వెల్లోనే పైకి పోయి అడగండి, తలుపు తీసే మనిషికి కూడా చెప్పండి. నేను ఆపరేటరొక్కడికే చెప్పా. ఆ ఎండలో అడుగుల్లో గోళ్ళ గుర్తులు ఎటు తిరిగున్నాయో నాకు సరిగా కనపడలేదు. పైకే అని వాడికి చెప్పేశా. మీలో ఎవరన్నా ఆ బొమ్మ చూసి ఉంటే త్వరగా జవాబు రాయండి. సైదా వాళ్ళ కోడలు కూడా ఇది ఫోన్లో చదివి వాడికి వినిపిస్తానంది, ఈ చివరి ముక్క వదిలేసి చదవమన్నా. పైకైతే అందరికీ కనపడేట్టు రాయండి. కిందికైతే మాత్రం నాకొక్కడికే రాయండి.